పగ్గం ఎంత వదలాలి

ఇప్పుడు బాగానే ఉన్నాను. పరాకున తల గబుక్కున తిప్పితే మాత్రం గది ఒక్క రవ్వ ఆలస్యంగా నా వెనక వస్తుంది. ఆ మిగులు ఉండిపోవచ్చని డాక్టరు చెప్పాడు. ఉండనీ.

కౌలాలంపూర్‌లో ఒక దినపత్రికలో ముప్పై ఏళ్ళకు పైగా గుర్రప్పందాల పేజీ చూసి రిటైరయ్యాను. క్లాంగ్‌లో మా ఇంట్లో నేనూ, నా భార్య సత్యవతీ ఉంటాం. ఈ ఏడాది మొదట్లో నాకు వచ్చిన జబ్బు గురించి రాయడానికి రెండు కారణాలున్నాయి. ఇది వచ్చినవాడు చావడు, కాని చచ్చిపోతున్నానని గట్టిగా నమ్ముతాడు. అలాంటివాడికి ఎవరో ఒకరు ముందే చెప్పి ఉంచాలి. రెండోది, నన్ను నిలబెట్టిన సలహా వైద్యం పుస్తకాల్లోది కాదు. మనిషిని కింద పడేయడమే పనిగా పెట్టుకున్న గుర్రాల దగ్గర్నుంచి వచ్చింది. దాన్ని నా దగ్గరే ఉంచేసుకోవడం బాగుండదనిపించింది.

చైనా కొత్త సంవత్సరం మర్నాడు

ఎదురింటివాళ్ళు కాల్చిన టపాకాయల ఎర్ర కాగితాలు మా గేటు దాకా వచ్చి పడ్డాయి. ఊడ్చేద్దామని మంచం దిగి ఒక అడుగు వేశాను. రెండో అడుగుకి నేల లేదు. బీరువా వచ్చి భుజానికి కొట్టుకుంది. గదిలో ఉన్నవన్నీ ఒకే దిక్కుగా పరిగెడుతున్నాయి, ఎంతకీ ఆగవు.

"ఏటండీ, ఏటైంది?" అంటూ సత్యవతి వంటింట్లోంచి వచ్చింది.

"ఇల్లు తిరుగుతోంది."

"ఇల్లు తిరగడమేటి. కూకోండి ముందు."

కూర్చోవాలన్నా ఏది కిందో తెలియాలి కదా. నేల మీద పడుకుని, గచ్చుని రెండు అరచేతులతో పట్టుకున్నాను. గచ్చుని ఎవరైనా పట్టుకోగలరా అని ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ రోజు గచ్చు కూడా నన్ను విదిలించి కొట్టాలని చూసింది.

మా అమ్మాయి సుజాత సైబర్‌జయలో ఉద్యోగం చేస్తుంది. గంటలోపలే కారు తీసుకుని వచ్చింది. పక్షవాతమనే ముగ్గురం అనుకున్నాం, ఎవరం పైకి అనలేదు. ఆసుపత్రిలో నన్ను బండి మీద పడుకోబెట్టి వరండాలో ఒక పక్కన పెట్టారు. కళ్ళు తెరిస్తే మనుషులు పోతున్నారు, వస్తున్నారు; ప్రతి మనిషీ నా కడుపులోంచే నడుస్తున్నట్టుంది. బండి తోసే చైనా పెద్దాయన ఒకడు అది గమనించాడు. ఎవరినీ అడక్కుండా బండిని గోడ వైపు తిప్పి, గోడకున్న ఒక మేకు మీద వేలు పెట్టి, "ఇది చూడు. ఇంకేం చూడకు" అని మలయ్‌లో చెప్పి వెళ్ళిపోయాడు. ఆ మేకుని పట్టుకునే నాలుగు గంటలు గడిపాను. ఆయన పేరు కూడా అడగలేదు.

సాయంత్రానికి తేల్చారు. మెదడులో ఏమీ లేదు. కుడి చెవి లోపల, ఒంటిని నిలకడగా ఉంచే నరం దెబ్బతింది. "తగ్గుతుంది అంకుల్. ఎప్పటికని మాత్రం అడక్కండి" అన్నాడు డాక్టరు.

తైపూసం వారం

ఇంటికి వచ్చాను, కాని నడక రాలేదు. పడుకుంటే ఫరవాలేదు. నిలబడితే ఎవరో కుడి చెయ్యి పట్టి లాగుతున్నట్టు అటే ఒరిగిపోతాను. అందుకని ఎక్కడికి వెళ్ళాలన్నా సత్యవతి మణికట్టు పట్టుకునేవాణ్ణి. పట్టుకోవడమంటే మామూలుగా కాదు. సాయంత్రానికి ఆమె చేతి మీద నా అయిదు వేళ్ళూ కనిపించేవి.

ఆమె కుడి మోకాలు ఎప్పటినుంచో అరిగిపోయి ఉంది. మార్చడానికి పేరు రాయించుకుని ఎంతో కాలం చూస్తే, ఆ మధ్యే జూన్‌లో ఆపరేషనని ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరాన్ని దేవుడి అరలో పెట్టుకుంది.

తైపూసం పండగ నాడు ఆమె ప్రతి ఏడూ గుడికి వెళ్తుంది. ఈసారి నన్ను వదిలి వెళ్ళలేక ఇంట్లోనే ఉండిపోయింది. వంటింటికీ హాలుకీ మధ్య ఒక మెట్టుంది. అక్కడ నా కాలు తడబడింది. వదిలేస్తే నేనొక్కణ్ణే గోడకి ఆనుకునేవాణ్ణి. నేను వదల్లేదు, రెండో చెయ్యి కూడా వేసి ఆమెని గట్టిగా లాగాను. ఇద్దరం పడ్డాం. నేను మెత్తగా ఆమె మీద పడ్డాను. ఆమె ఆ మోకాలి మీద పడింది.

ముందు మోకాలు తడుముకుంది. తరవాత, "సెయ్యి వదలండి. ఇంకా పట్టుకునే ఉన్నారు" అంది.

ఆ ఆదివారం తల్లీకూతుళ్ళ మాటలు గదిలోకి వినిపించాయి. ఆసుపత్రికి ఫోన్ చేసి ఆపరేషన్ వద్దని చెప్పమంటోంది సత్యవతి.

"ఇంకా నాలుగు నెలలుంది లా, అమ్మా. అప్పటికి నాన్న నడుస్తారు." సుజాతకి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడేది తక్కువ; ఏ భాషైనా చివర ఇక్కడివాళ్ళ 'లా' తగిలిస్తుంది. ఆ రోజు కష్టపడి తెలుగులోనే చెప్పింది.

"నడవకపోతే? నేనో మంచం, ఈయనో మంచం. నువ్వు ఉద్యోగం మానీసి ఇద్దరికీ గంజి కాస్తావేటి? తప్పిపోతే మళ్ళీ ఎప్పుడిస్తారో అని నాకు తెలీదా? తెలిసే సెప్తన్నాను."

"రెండు నెలలు ఆగు. ప్లీజ్ లా."

సరేనంది సత్యవతి. ఆ రెండు నెలలూ నాకిచ్చిన గడువని నాకు అర్థమైంది. నేను నా అంతట నేను నడవకపోతే, ఆమె మిగతా జీవితమంతా కుంటుతుంది. తల తిరిగిన రోజుకన్నా నేను ఎక్కువ భయపడింది అప్పుడే.

పోసా నెల

ఆసుపత్రిలో ఫిజియో విభాగం ముందు నీలం కుర్చీలు రెండు వరసలు. వారానికి రెండుసార్లు అక్కడ కూర్చునేవాళ్ళం. ఫరాహ్ అనే అమ్మాయి నాకు నడక నేర్పేది. రోజంతా రంజాన్ ఉపవాసం ఉండి కూడా, నా నడుముకి బెల్టు చుట్టి, వెనకనుంచి రెండు వేళ్ళతో పట్టుకుని గది చివరిదాకా నడిపించేది. ఆమె పట్టుకుంటే నడిచేవాణ్ణి. ఇంట్లో సత్యవతిని పట్టుకుంటే ఒరిగేవాణ్ణి. ఎందుకో మా ఇద్దరికీ తెలియలేదు.

మా ఎదుటి కుర్చీల్లో ఒక జంట కూర్చునేది. ఆయన తెల్లాయన, పొడుగు, డెబ్బై దాటినవాడు. పేరు డెస్. ఆవిడ సరోజ, ఇక్కడి తమిళావిడ. డెస్ కుర్రతనంలో ఆస్ట్రేలియాలో, రోడియోలనే పోటీల్లో ఎగిరిపడే గుర్రాలెక్కాడట. తరవాత మా దేశానికి పందెం గుర్రాలకు తెల్లవారుజామున కసరత్తు చేయించే పనికి వచ్చి, రేస్‌కోర్సు క్యాంటీన్ నడిపేవాళ్ళ అమ్మాయిని చేసుకుని ఉండిపోయాడు. పాత దెబ్బలన్నీ ఇప్పుడు లెక్కకొచ్చి, రెండు చెవుల్లోనూ నిలకడ పోయింది. ఇంగ్లీషులో మొదలుపెట్టి, మలయ్‌లోకి జారి, భార్య వైపు తిరిగి తమిళంలో ముగించేవాడు. నేను తెలుగులో రాస్తున్నాను.

నేను గుర్రప్పందాలు రాసేవాణ్ణని చెబితే, "అయితే నీకు గుర్రం గురించి సగం తెలుసు" అన్నాడు.

"మిగతా సగం?"

"నువ్వు వీపు మీద ఉండడం దానికి ఇష్టం లేనప్పుడు ఏం చేస్తుందో, ఆ సగం."

ఇక్కడొక సంగతి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళ కిందట పందేల పని మీద ఆస్ట్రేలియా వెళ్ళినప్పుడు, అక్కడివాళ్ళు నన్నొక చిన్న ఊరి రోడియోకి తీసుకెళ్ళారు. నేను ఎండకి గుడారంలోంచి బయటికి రాకుండా టీలు తాగి, తిరిగొచ్చి, అది సర్కసనీ, చెడగొట్టిన గుర్రాలకు అక్కడ పని దొరుకుతుందనీ వెటకారంగా నాలుగు ముక్కలు రాశాను. మా పందేల లోకంలో రౌతుని పడేసే గుర్రం పనికిరాని గుర్రం. అంతకుమించి ఆలోచించలేదు. డెస్‌కి అది చెప్పేశాను.

"చూడకుండా రాశావా?"

"చూడకుండానే."

"మీ పేపరువాళ్ళలో చాలామంది కన్నా నువ్వే నయం. చూసి కూడా అలాగే రాస్తారు" అని ఫోన్ తీసి రోడియో వీడియో ఒకటి పెట్టాడు.

మొదటిసారి రెండు సెకన్లు కూడా చూడలేకపోయాను. గేటు తెరుచుకుంది, గుర్రం గాల్లోకి లేచింది, నా కుర్చీ దానితో లేచింది. కళ్ళు మూసుకున్నాను. "మొత్తం ఎనిమిది సెకన్లే, రౌతు పడకుండా ఉండాల్సింది అంతసేపే" అన్నాడు డెస్. "ఎనిమిదీ చూడగలిగిన రోజు ఎలా చూడాలో చెప్తాను." ఆ తరవాత వెళ్ళిన ప్రతిసారీ నా జబ్బుకి అదే కొలతైంది. మూడు, నాలుగు, మళ్ళీ మూడు. నెల సగంలో, సత్యవతి నా వీపు నిమురుతుండగా, ఎనిమిదీ చూశాను.

అప్పుడు చెప్పడం మొదలుపెట్టాడు. గుర్రం నోట్లో కళ్ళెం ఉండదు. ముఖానికి కట్టిన తోలుపట్టీ నుంచి ఒకటే పేనిన లావు పగ్గం వస్తుంది. దాన్ని ఒక చేత్తో పట్టుకోవాలి. రెండో చెయ్యి గాల్లో ఉండాలి. అది గుర్రానికి గాని, జీనుకి గాని, తన ఒంటికి గాని తగిలితే పోటీ పోయినట్టే. మొదటి గంతులో గుర్రం ముందు గిట్టలు నేల తాకేటప్పటికి రౌతు మడమలు దాని భుజాల పైన ఉండాలి. అది వెనక కాళ్ళు ఝాడించి లేచినప్పుడు కాళ్ళు జీను వెనక్కి మడవాలి, దిగినప్పుడు మళ్ళీ ముందుకి చాపాలి. బలంతో అతుక్కుని కూర్చునేవాడు మూడో గంతుకే పోతాడు. లయ దొరికినవాడు ఉంటాడు. వచ్చే మార్కుల్లో సగం మనిషివి, సగం గుర్రానివి.

"గుర్రానికి మార్కులా?" అన్నాను.

"పని చేస్తున్నది అదే కదా."

ఆ తరవాత నేను చూసిందంతా గుర్రాన్నే. తల కిందికి దించి, వెన్ను విల్లులా వంచి, నాలుగు కాళ్ళూ నేల వదిలి లేచే ఆ జంతువు పిచ్చెత్తినది కాదు. ప్రతి గంతుకీ ఒక పోకడ ఉంది. ఒకటి సూటిగా ఎగిరేది, ఒకటి చివర్లో భుజం ఒంచి పక్కకి విరిగేది. అలా దులపడమనే గుణం కోసమే వాటిని తరాలుగా ఏరి పెంచుతారట. రౌతు దిగిపోగానే, పక్కన ఇంకో గుర్రం మీద వచ్చిన మనిషి దాని నడుముకి బిగించిన పట్టీ వదులు చేయగానే, అంతసేపూ ఉరిమిన గుర్రం చెవులు నిక్కించి, పని ముగించుకున్న ఉద్యోగిలా గేటు వైపు నిదానంగా పోతుంది. ముప్పై ఏళ్ళు గుర్రాల గురించి రాసి, గుర్రాన్ని ఇంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు. మాకు ముందెవరొచ్చారన్నదే ముఖ్యం.

ఒక రోజు మా పేరు పిలవడం ఆలస్యమైంది. సత్యవతి మోకాలు రాసుకుంటుంటే సరోజ చూసింది.

"అక్కా, అన్న ఏ పక్కకి పడతారు?"

"కుడికి. పడితే పడ్డారు, నన్ను కూడా ఏసుకుని పడతారు."

"మీరు ఎలా పట్టుకుంటారు?"

"నేను పట్టుకోడమేటి? ఆయనే నన్ను పట్టుకుంటారు. ఇదిగో," అని మణికట్టు చూపించింది.

సరోజ ఆ మచ్చలు చూసి డెస్‌తో తమిళంలో ఏదో అంది. ఆయన నా వైపు తిరిగాడు.

"రోడియోలో నీ గుర్రం నీకు చీటీల్లో వస్తుంది, నువ్వు ఎంచుకోవు. నాకొకసారి సండే స్కూల్ అని ఒక ఆడగుర్రం వచ్చింది. పేరు చూసి మోసపోకు. దాన్నెప్పుడూ ఎక్కలేదు. పగ్గం ఎంత పొడుగు పట్టాలో తెలియదు. ఎక్కువ వదిలితే ఊతం దొరక్క వెనక్కి పడతావు. తక్కువైతే, అది తల దించినప్పుడు నిన్ను మెడ మీదుగా ముందుకి లాగేస్తుంది. ఒక్కో గుర్రానికి ఒక్కో కొలత. అది ఎక్కినవాడికే తెలుస్తుంది."

"మరెలా?"

"ఎక్కినవాణ్ణి అడుగుతావు. ఆ రోజు నాతో పోటీలో ఉన్నవాడే అంతకుముందు దాన్నెక్కి పడ్డాడు. వెళ్ళి అడిగాను. జీను అంచు నుంచి పిడికిలి, బొటనవేలు, దానిమీద ఇంకో రెండు వేళ్ళు వదులు, ఇది తల బాగా కిందికి దించుతుంది అన్నాడు. ఆ చోట దాని జూలులోంచి నాలుగు వెంట్రుకలు పీకి పగ్గంలోకి దూర్చి గుర్తు పెట్టి మరీ ఇచ్చాడు. వాణ్ణే ఓడించాను."

మా పందేల్లో గుర్రం ఏ కాలు మీద బరువు వేయడం లేదో పక్క లాయంవాడికి చెప్పరు. "నిజం ఎందుకు చెప్పాడు?" అని అడిగాను.

డెస్‌కి ఆ ప్రశ్న వింతగా అనిపించింది. "నేను మొదటి గంతుకే పడిపోతే ఆ గుర్రం పనితనం ఎవరు చూస్తారు? అడిగితే చెప్తారు. అబద్ధం చెప్పినవాణ్ణి నేను చూడలేదు."

"ఈ గుర్రం మీద మూడేళ్ళు ఉన్నాను నేను" అంది సరోజ మొగుణ్ణి చూపించి. "చెప్తాను వినండక్కా. చెయ్యి ఇవ్వకండి. బాతిక్ సారోంగ్ లుంగీ ఒకటి మడిచి అన్న నడుముకి కట్టండి, వెనక తోక వదలండి. తోక మీరు పట్టుకోండి. ముడి దగ్గర్నుంచి రెండు పిడికిళ్ళు, ఒక బొటనవేలు. దగ్గరగా పట్టారో, ఆయన ఒరిగితే మీరూ పోతారు. దూరంగా పట్టారో, ఆయన పడ్డాకే మీకు తెలుస్తుంది." తన సంచిలోంచి పిన్నీసు తీసి సత్యవతి చేతిలో పెట్టింది. "ఆ చోట ఇది గుచ్చండి. తడుముకుంటే తెలుస్తుంది."

"నువ్వు మరి?" అని డెస్ నన్ను అడిగాడు. "చేతులేం చేస్తావు?"

"తెలియదు."

"గాల్లో. ఎవరినీ ముట్టుకోకు. ముట్టుకుంటే పోటీ పోయినట్టే."

హరిరాయ తరవాత

సారోంగ్ కట్టి మొదటి రోజు హాల్లో నాలుగడుగులు వేశాను. అయిదో అడుగుకి పక్కకి పోయాను. సత్యవతి గట్టిగా లాగింది, ఆగాను. ఆమె నిలబడే ఉంది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆమె నన్ను అంత మెచ్చుకోలుగా చూసిన సందర్భాలు ఎక్కువ లేవు.

అయినా సరోజ కొలత మాకు పూర్తిగా కుదరలేదు. డెస్ పొడుగు, వెనక్కి వాలి నడుస్తాడు. నేను ముందుకి కూలుతాను, అదీ కుడికి. వారం రోజులు పిన్నీసు అటూ ఇటూ మార్చింది.

"మీరు తెల్లాయనకన్నా రెండు వేళ్ళు తక్కువ" అని తేల్చింది చివరికి.

"దేంట్లో?"

"అన్నిట్లోనూ. నడండి."

పొద్దున్నే ఇంటి ముందు వీధిలో నడిచేవాళ్ళం. నా చేతులు గాల్లో, వెనక ఆమె తోక పట్టుకుని. పక్కింటి మలయ్ ఆవిడ రంజాన్ పండగ బిస్కట్ల డబ్బా గేటు మీంచి అందిస్తూ, "మావారికి కూడా ఒకటి కట్టిపెట్టు" అని సత్యవతితో అంది. నవ్వుతూ ఉండగానే ఒరిగాను. నవ్వడం కూడా ముందు నేర్చుకోవలసిన పనే.

సుజాత ఒక శనివారం చూసింది. సోమవారమే ఆసుపత్రికి ఫోన్ చేసి, జూన్‌లో మా అమ్మ వస్తుందని చెప్పింది.

మే నెల మధ్యలో సత్యవతి, "వదుల్తన్నాను" అంది.

"వద్దు."

"అడగలేదు. సెప్తన్నాను."

తోక జారి నా పిక్కలకి తగిలింది. నేను ఎనిమిది లెక్కపెట్టాను. ఎనిమిది దాకా నిలబడి, నడిచి, గేటు పట్టుకున్నాను. ఆ వారం డెస్‌కి చెబితే, "చాలు. తొమ్మిదోది ఎవరూ అడగరు" అన్నాడు. అయినా తొమ్మిదోది నాకు కావాలి. దీపస్తంభం దాకా, మలుపు దాకా, మలుపు తిరిగి వెనక్కి. తిరగడం కష్టం. తిరిగేచోట ఎన్నిసార్లు ఆగానో సత్యవతికి తెలుసు. ఆమె గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేది, లేచి రాలేదు. లేచి రాకుండా ఉండడానికి ఆమె ఎంత ఓర్చుకుందో నాకు తెలుసు.

ఎక్కినవాళ్ళని అడగండి. ఈ జబ్బులో ఉన్నవాళ్ళకి నేను చెప్పగలిగింది అంతే. డాక్టరు జబ్బు చెప్తాడు. పట్టు ఎంత వదలాలో, పక్క కుర్చీలో కూర్చున్నవాళ్ళు చెప్తారు. అడిగితే దాచుకోరు.

జూన్

ఆపరేషన్ నాడు పొద్దున్నే వెళ్ళాం. సుజాత మమ్మల్ని గుమ్మం దగ్గర దింపి కారు పెట్టడానికి పోయింది. సత్యవతి సంచి నా భుజాన ఉంది. నా నడకలో ఇంకా కొంచెం తూగు ఉంది కాబట్టి, లోపలున్న నర్సు మమ్మల్ని చూసి చక్రాల కుర్చీ తోసుకుంటూ నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"కూర్చోండి అంకుల్. మీతో ఎవరొచ్చారు?"

"నాతో ఎవరూ రాలేదమ్మా" అన్నాను. "ఆవిడతో నేనొచ్చాను."

నర్సు సత్యవతిని చూసింది. సత్యవతి కర్ర పక్కన పెట్టి కుర్చీలో కూర్చుని చీర సర్దుకుంది. "ఆయన తోస్తారు" అని నర్సుకి చెప్పింది.

పొడుగాటి వరండా. తోస్తూ నడిచాను. ఎదురుగా మనుషులు పోతున్నారు, వస్తున్నారు, వాళ్ళ దారిన వాళ్ళు.

"కుడికి పోతన్నారు."

"బండే లాగుతోంది."

"బండా, మీరా?"

"ఇద్దరం" అని సరిచేసుకున్నాను.

చివర తలుపు దగ్గర, ఇక్కడితో మీరు ఆగాలని చెప్పి నర్సు కుర్చీ అందుకుంది. సత్యవతి వెనక్కి చూడకుండా ఒక చెయ్యెత్తింది. తలుపు మూసుకుంది. నా చేతుల్లో ఏమీ లేదు, దగ్గర్లో గోడ కూడా లేదు. కాసేపు అలాగే నిలబడి, ఖాళీ కుర్చీ వెతుక్కోవడానికి బయల్దేరాను.